తోడు పంట

పుచ్చు టమాటాలు ఏరుతూ కూర్చున్నాను. ఏ పండు తిప్పినా గుండ్రటి రంధ్రం, లోపల పచ్చపురుగు. మా ఆయన ఒక పండును కాలితో తన్ని, "మొగుణ్ణి మింగిన మనిషి మడిలో తిరిగితే ఇంతే" అన్నారు. ఆ మనిషంటే, చనిపోయిన మా మరిది భార్య, నా తోడికోడలు. నా పక్కనే, అదే బుట్ట ముందు కూర్చుని ఉంది.

పురుగు ఆమె వల్ల వచ్చిందా! ఏటా మేమిద్దరం టమాటా వరసల మధ్య బంతి వేసేవాళ్ళం. బంతి నారు ముందు పోయాలి, టమాటా నారు తర్వాత. అప్పుడే రెండూ ఒకేసారి పూస్తాయి. తల్లిపురుగు పసుపు పువ్వు చూసి అటే పోయి గుడ్లు పెడుతుంది. పొద్దున్నే ఆ పూలు గిల్లి పారేసేది ఈమే. మందు కొట్టే పనే ఉండేది కాదు. కూడబలుక్కుని చదువుకునే నాకు ఓ పాత పత్రికలో దీని పేరు కనిపించింది: తోడు పంట. చదివి వినిపిస్తే పడీపడీ నవ్వింది. "మనమేగా అక్కా! నేను బంతి, నువ్వు టమాటా. అత్తగారి తిట్లన్నీ నాకు తగిలాయి, నువ్వు దక్కావు." నిజమే. ఆవిడ నోటి ముందు నిలబడి ఎదురు చెప్పింది ఈ ఇంట్లో ఈమె ఒక్కతే.

నిరుడు పంట చూడడానికి వచ్చినవాళ్ళతో "అంతా నా ఆలోచనే" అన్నారు మా ఆయన. వాళ్ళకు కుర్చీలు వేసింది మేం. ఈ ఏడు మరిది పోయి మేం ఏడుపుల్లో ఉండగా, "పూలు తింటామా?" అని బంతి వరసల్లోనూ టమాటానే నాటించారు. తప్పు ఆయనది, నింద ఈమెకు!

అంతటితో ఆగలేదు. "పిల్లా జెల్లా లేని మనిషి, పుట్టింట్లో ఉండడమే మర్యాద" అని ఆమె అన్నకు కబురు పెట్టారట. ఆ అన్న ఎక్కివచ్చిన ఆటో గుమ్మం ముందు ఆగింది. నాకు ఆ చప్పుడంటేనే భయం. అమ్మ, చెల్లెలు, నా కూతురు, అందరూ "మళ్ళీ వస్తా"నని ఆటో ఎక్కి, తిరిగి రానివాళ్ళే. ఈమె ఆ మాట కూడా అనలేదు. పెట్టె ఎత్తుకుని, "బంతి విత్తనం అటక మీదుంది అక్కా. ఎలకలు పడతాయి, చూసుకో" అంది.

నా చేతులు ఆ పెట్టె లాక్కున్నాయి.

"అన్నయ్యగారూ, ఆటో పంపించెయ్యండి. మా మరిది సగం పొలం ఈమెది. ఈమె ఎక్కడికీ రాదు."

"మధ్యలో నీకెందుకే?" అరిచారు మా ఆయన.

"రేపటినుంచి నేనూ ఆ సగంలోనే పని చేస్తాను."

"మరి నా సగం?"

"మీది మీరు చేసుకోండి."

ఆయన పెరటివైపు చూసి, నెమ్మదిగా అడిగారు.

"ఇంతకీ పార ఎక్కడుంటుంది?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చెప్పలేదు.