కుడివైపు ఒరిగిన బోర్డు

అల్మాస్ బోర్డును తలకిందులు చేసి గోడకు ఆనించింది. బోధన్‌లో బోర్డులు రాసే తండ్రి ఎజాజ్ పద్ధతి అది. తలకిందులైతే కన్ను చదవడం మానేసి రంగులనీ ఖాళీలనీ మాత్రమే చూస్తుంది. ఆమె కళ్లు సగం మూసి చూసింది. బరువంతా ఒక పక్కకే ఒరిగిపోయింది.

ఎడపల్లి దశరథం మూడింటికి వస్తానన్నాడు. అతని చెరుకురసం దుకాణానికే ఈ బోర్డు. పక్షవాతంతో తండ్రి కుడిచెయ్యి పడిపోయాక అల్మాస్ ఒంటరిగా రాసిన మొదటిది. దశరథం ఈ బోర్డు వద్దన్నాడా, సాయంత్రమే ఫ్లెక్సీలు వేసే మధుకర్‌కి తన దుకాణం తాళం ఇచ్చేస్తానని ఎజాజ్ తెగేసి చెప్పాడు. మొండిఘటం. కూతురు మాత్రం తక్కువ తిందా!

తప్పెక్కడో ఆమెకు తెలిసిపోయింది. చిన్నప్పటినుంచి తండ్రి రాసిన ఉర్దూ బోర్డులకు రంగులు నింపిన చెయ్యి. ఉర్దూ కుడినుంచి మొదలవుతుంది, బొమ్మా అక్కడే ఉంటుంది. అలవాటుకొద్దీ ముదురాకుపచ్చ చెరుకుకట్టను కుడివైపే దించింది. ఎడమనుంచి సన్నగా వచ్చిన తెలుగు పేరు దాని ముందు వెలవెలబోయింది. బొమ్మ ఎప్పుడో ఆరిపోయింది, మళ్లీ వేసే వ్యవధి లేదు.

బోర్డును మళ్లీ నేరుగా నిలబెట్టి, కంగారులో ఎడమవైపు పూలు వేసింది. చాలలేదు. తీగలు పాకించింది, చుక్కలు పెట్టింది. ఇప్పుడు పేరు బొత్తిగా కనిపించడం మానేసింది. ఏడుపొక్కటే తక్కువ.

"అబ్బా, ఏమన్న చెప్పరాదు?" అని తండ్రినడిగింది.

కుర్చీలో ఉన్న ఎజాజ్ కదల్లేదు. "బోర్డు నీది బేటా. నన్నడిగితె ఎట్ల?"

ఒళ్లు మండింది. ఆ మంటలోనే గుడ్డను టర్పెంటైన్‌లో ముంచి పచ్చిగా ఉన్న పూలూ తీగలూ అన్నీ తుడిచేసింది. మిగిలిన ఖాళీలో, పేరుకు ముందు, ఒకే ఒక్క నిమ్మకాయ వేసింది. గోళీ అంత చిన్నది, కానీ నిగనిగలాడే పసుపు. రోడ్డు అవతలికి పోయి చూసింది. చూపు ముందు నిమ్మకాయ మీద పడింది, అక్కడినుంచి పేరు మీదుగా చెరుకు దాకా నడిచింది. కుదిరిందా, లేక తనే కుదిరిందనుకుంటోందా?

దశరథం బండి ఆగింది. అతను నడుం మీద చేతులు పెట్టుకుని బోర్డును ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు.

"నోరూరుతుంది భాయ్! చెయ్యి పడిపోయిందంటిరి, ఏడ పడ్డది? మీ చెయ్యి మీ చెయ్యే."

రాసింది బిడ్డేనని తండ్రి చెబుతాడని అల్మాస్ ఎదురుచూసింది. ఆయన లేచి, గోడ పట్టుకుని బోర్డు దగ్గరికి వచ్చి, ఎడమచేత్తో గుడ్డ అందుకుని, కింది మూలలో ఆమె అప్పుడే రాసిన 'ఎజాజ్ ఆర్ట్స్'ను తుడిచేశాడు.  దశరథం మెచ్చినా అబ్బాకు నచ్చలేదన్నమాట. దుకాణం పోయింది.

"అరె, పేరెందుకు తుడిస్తిరి భాయ్?" అన్నాడు దశరథం.

"నేను రాయలే. మా బిడ్డ రాసింది." ఎజాజ్ కుంచె తీసి కూతురి చేతికిచ్చాడు. "నీ పేరు రాయి."

ఇన్నేళ్లుగా ఆ మూలలో తండ్రి పేరే రాసిన అల్మాస్‌కు, తన పేరులో మొదటి అక్షరం ఎక్కడ మొదలుపెట్టాలో వెంటనే తోచలేదు.