అర చెంచా నూనె

పదకొండో వాయి తీసి జల్లెడలో పోస్తుంటే మోచేతి మీద నూనె చుక్క చిట్లింది. ఆమె తుడుచుకోలేదు. బస్సుల వర్క్‌షాపు క్యాంటీనులో ఇరవై రెండేళ్ళుగా వేపుళ్ళ పొయ్యి ఆమెదే. ముంజేతుల నిండా గింజలు చల్లినట్టు నల్లటి మచ్చలు, నుదుటి మీద ఆవిరికి అంటుకుపోయిన నెరిసిన వెంట్రుకలు, తలకు గుడ్డ. అక్కడ ఆమెను అందరూ మూకుడక్క అనే పిలుస్తారు.

"ఏంటక్కా, ఇవాళ వేపుడు గట్టిగా ఉంది?" అన్నాడు ముసలి వెల్డరు పళ్ళెం పట్టుకుని.

"వేపుడు నిన్నటిలాగే ఉంది. నీ పళ్ళే నిన్నటిలా లేవు."

వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. మనసంతా ల్యాబు మీదే ఉంది. సాయంత్రం వదిన షుగరు రిపోర్టు వస్తుంది, మూడు నెలల సగటు. అది ఏడు లోపు ఉండాలి. ఉంటే వదిన నోటి నుంచి ఒక్క మంచి మాట రావాలి. ఏడేళ్ళుగా ఆమె బతుకంతా ఆ ఒక్క మాట కోసమే.

వదిన అంటే పోయిన మొగుడికి అక్క. డెబ్భై ఏళ్ళు. పెళ్ళి మానుకుని, కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి పెంచింది. ఆ తమ్ముడు ఒకరోజు చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుండె ఆగి కూలిపోయాడు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే నలుగురి ముందూ వదిన వేలు చూపించి అన్నది: "ఇదే, చేతులారా నూనె తాగించి నా తమ్ముణ్ణి చంపింది." ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. అంటే ఎదురెదురుగా లేవు. వదిన చెప్పాల్సింది కుట్టుమిషనుకు చెబుతుంది, ఈమె పొయ్యికి చెబుతుంది. రెండు గదుల ఇంట్లో వినపడకపోవడమనేది ఉండదు కాబట్టి, పోట్లాట మాత్రం ఏ రోజుకారోజు సజావుగానే సాగుతోంది.

మరుసటి ఏడాది వదినకు ఇన్సులిన్ మొదలైంది. డాక్టరు రాసిచ్చిన తిండి కాగితాన్ని ఈమే గోడకు అతికించింది. ఇంట్లో చక్కెర, బెల్లం బయట పారబోసి, డబ్బాలు కూడా పారేసింది. నా చేతిలో ఈ మనిషి చావకూడదు, అంతే. అది ప్రేమ కాదు, ఒట్టి పంతం. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

అప్పటి నుంచి రాత్రి భోజనం ఒకటే పద్ధతి. తెల్లటి కండ ఉన్న చేప, పొలుసు పోయేలా గీకి, రెండు వైపులా గాట్లు పెట్టి, అల్లం వెల్లుల్లి మిరియాలు నూరి రుద్దాలి. చిక్కుడుకాయలు, కాలీఫ్లవర్ ఆవిరికి పెట్టాలి. అన్నం చిన్న గిన్నెతో ఒకటి, కొలిచి. ఇనప పెనం బాగా కాలాక అర చెంచా నూనె గుడ్డతో రాసి చేపను పరవాలి. అది చుయ్‌మంటుంది. మూత పెట్టి మంట తగ్గిస్తే పన్నెండు నిమిషాలు.

ఆ చప్పుడు వినగానే ముందు గదిలో వదిన పొట్ట మీద సూది పొడుచుకుంటుంది. సూది వేసుకున్న అరగంటలో అన్నం పడాలన్నారు డాక్టరు. "వండేశాను, వేసుకో" అనే మాట ఒకరు అనాలి, "ఊఁ" అని ఇంకొకరు అనాలి. అవి అనుకోవడం ఇష్టం లేక ఇద్దరూ ఈ చప్పుడు దగ్గర స్థిరపడ్డారు. ఆరేళ్ళలో అది ఒక్కరోజూ తప్పలేదు.

సాయంత్రం ల్యాబు మెట్ల మీదే కవరు చింపి చూసింది. ఆరు పాయింటు ఎనిమిది. కళ్ళు చెమర్చాయి. దారిలో మంచి చేప, రోజూ కొనేదానికంటే పెద్దది, బేరం కూడా ఆడకుండా కొంది. ఇంటికి రాగానే రిపోర్టు తీసుకెళ్ళి మిషను బల్ల మీద పెట్టి, వంటగదిలోకి వెళ్ళి, చేప గీకుతూ చెవులు రిక్కించి నిలబడింది.

కళ్ళజోడు పెట్టె తెరిచిన చప్పుడు. కాగితం మడతలు విప్పిన చప్పుడు.

"మంచి సూది," అన్నది వదిన మిషనుతో. "ఆ మందు తయారుచేసిన వాళ్ళ చేతులు చల్లగా ఉండాలి."

కత్తి ఆగిపోయింది.

"మరి వంటో?" అని పొయ్యిని అడిగింది ఈమె.

"నీళ్ళ ఆవిరి మీద పెడితే కాయ అదే ఉడుకుతుంది. అందులో పనితనమేముంది? మా తమ్ముడికీ ఏదన్నా సూది దొరికుంటే బతికేవాడు. మూకుడుకి విరుగుడు సూది ఇంకా రాలేదు పాపం."

ఆమెకు ఒళ్ళంతా మండిపోయింది. ఆరేళ్ళు తనూ ఇదే చప్పిడి తిండి తిన్నది, ఎదుటి మనిషి నోరూరకూడదని. ఎవరి కోసం? చేపను అడ్డంగా రెండు ముక్కలు చేసింది. తల వైపు ముక్క పక్కన పడేసింది. తోక వైపు ముక్కను నాలుగు చేసి, పిండి అద్ది, మూకుడు పెట్టి, రోజుకు అర చెంచా చొప్పున నెలల తరబడి వాడుకొస్తున్న నూనె సీసా మొత్తం ఒంపింది. నూనె పొగ పట్టగానే ముక్కలు జారవిడిచింది. చుయ్‌మన్నాయి.

పళ్ళెం తీసుకుని పెరటి మెట్టు మీద కూర్చుని, వెనక తలుపు లాగేసింది. కూర్చోనీ. అరగంట ఆకలితో మాడినంత మాత్రాన ఎవరూ చావరు. తిని వచ్చి చేస్తాను ఆవిడగారి చప్పిడి చేప. కరకరలాడే అంచును కొరుకుతుంటే ఏడుపొచ్చింది. అయినా తింది. ఎంత రుచిగా ఉందో తలుచుకుంటే మరింత కోపమొచ్చింది. లోపలి నుంచి ఒక్క దెప్పిపొడుపు కూడా వినిపించలేదు. నోరు పడిపోయిందిలే అనుకుని తీరిగ్గా ముళ్ళు ఏరుకుంటూ గంట పైనే కూర్చుంది.

నాలుగో ముక్క చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, మూకుడు చుయ్‌మన్న ఆ చప్పుడు సంగతి.

పళ్ళెం మెట్ల మీంచి దొర్లిపోయింది. ముందు గదిలో వదిన మిషను బల్ల మీద ఖాళీ కంచం పెట్టుకుని, కంచం పక్కన చెంచా సర్దుకుని కూర్చునే ఉంది. చీరంతా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. తల ఒక పక్కకు వాలిపోతోంది.

"వదినా," అన్నది ఈమె. ఏడేళ్ళ తర్వాత నేరుగా అన్న మొదటి మాట అదే.

వదిన కళ్ళెత్తి ఈమె వైపే చూసింది. "ఇంకా కాలేదా?" అని అడిగింది. ఆ తర్వాత కళ్ళు నిలవలేదు.

ఇంట్లో చక్కెర పలుకు లేదు. పక్కింటికి పరుగెత్తి గ్లాసుడు చక్కెర నీళ్ళు కలుపుకొచ్చేసరికి పళ్ళు బిగుసుకుపోయాయి. నీళ్ళు పెదవుల మీంచి మెడ మీదికి కారిపోయాయి. పక్కింటాయన బండి తీశాడు. ఆస్పత్రిలో సూదులూ గొట్టాలూ పెట్టారు గానీ, ముసలి గుండె అంత కిందికి వెళ్ళి మళ్ళీ పైకి రాలేకపోయింది. తెల్లవారక ముందే అయిపోయింది.

కాగితాలు రాస్తూ డాక్టరు అడిగాడు. "గ్లూకోజు బిళ్ళలు ఇచ్చాం కదమ్మా మొదటి రోజే, అన్నం ఆలస్యమైతే రెండు నమలమని. ఆవిడ దగ్గర లేవా?"

ఆమెకు తెలియదు. తెల్లారాక ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుట్టుమిషను సొరుగు లాగింది. కత్తెర, ఖాళీ దారపు రీళ్ళు, సుద్దముక్క. వదిన కూర్చునే చోటికి జానెడు దూరంలో, చెయ్యి చాపితే అందేలా, వాటి మధ్య ఉంది బిళ్ళల గొట్టం, మూత చుట్టూ కాగితం సీలు చింపకుండా, ఆరేళ్ళ కిందటి తేదీతో.