పాలమీగడ రంగు కారు

"ఒసే సిన్నతల్లీ, బాబు ఎనిమిదికి బయల్దేరతారు. పసుపు మరక ఒక్కటి కనపడినా ఊరుకోరు," అంటూ మా ఆయన గంగులు బకెట్టు నా ముందు పెట్టి, బీడీ ముట్టించుకుని గట్టు మీద కూర్చున్నాడు.

బాబు కొత్త కారు అది. దాన్ని చేసిన కంపెనీ కార్లన్నిట్లోకీ పెద్దదీ, ఖరీదైనదీ అదేనట. ఈ మధ్యే విడుదలైంది. రూపాయి విలువ తగ్గించిన మరుసటి ఏడు, వానలు మొహం చాటేసి జనం గంజి కేంద్రాల దగ్గర గిన్నెలు పట్టుకుని నిలబడిన రోజులు. జూటుమిల్లులో సగం మందిని మానిపించారు. అలాంటప్పుడు మా బాబు, ఆ మిల్లు యజమాని నరసింగరావుగారు, జిల్లాలో అందరికంటే ముందు, ఈ పాలమీగడ రంగు కారు తెప్పించారు. నిన్న దానికి పూజ చేశారు. అమ్మగారు బానెట్టు నిండా పెట్టిన పసుపు ముద్దలు ఎండకి పట్టేశాయి.

డ్రైవరు మా ఆయన. కడిగేది నేను. పాత కారప్పటి నుంచీ, రెండేళ్లుగా, కోడి కూసే వేళకే లేచి కడుగుతున్నాను. "గంగులు బండిని అద్దంలా ఉంచుతాడు" అని బాబు మెచ్చుకుంటే ఈయన తల దించుకుని నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. అత్తతో చెప్పుకుంటే, "మొగుడి పని సేస్తే అరిగిపోతావేటే?" అంది.

ఎంత కడిగినా పసుపు పోలేదు. ఇత్తడి బిందెలు తోమే చెయ్యి కదా, చింతపండులో ఇటుకపొడి కలిపి గట్టిగా తోమాను. పసుపు పోయింది. తుడిచి చూస్తే రంగు నిండా గోళ్లతో బరికినట్టు గీతలు.

మా ఆయన వచ్చి చూశాడు. "నోరిప్పితే సంపేస్తాను," అన్నాడు మెల్లగా. ఆయన అరిచిన రోజు కొట్టడు. మెల్లగా అన్న రోజే నాకు భయం.

బాబు గీతలు చూసి నిలబడిపోయారు. "నిన్న ఎల్లాజీ గేటు దగ్గరే తిరిగాడు కదరా?"

ఎల్లాజీ మిల్లులో పని పోయినవాడు.

"ఔను బాబూ, ఆడే అయ్యుంటాడు," అన్నాడు నా మొగుడు, తడుముకోకుండా.

పోలీసులకి కబురు పెట్టమన్నారు బాబు. ఎల్లాజీ పెళ్లాం బుల్లమ్మ నిండు చూలాలు. నిన్ననే నూతి దగ్గర, "ఎల్లుండి ఆడు నౌపడ ఉప్పు మడుల పనికెల్తన్నాడప్పా," అని నవ్వుతూ చెప్పింది.

నోరు మూసుకుంటే నాకు ఈ రోజు గడిచిపోతుంది. బుల్లమ్మకి గడవదు. మా ఆయన కళ్లు నా మీదే ఉన్నాయి.

"ఎల్లాజీ కాదు బాబూ. నానే తోమేను."

"నువ్వెందుకు తోమావు? బండి కడిగేది గంగులు కదా?"

చేతులు కొంగుకి తుడుచుకున్నాను. ఇంటికెళ్లాక ఏమవుతుందో నాకు తెలుసు.

"రెండేళ్లుగా తమరు మెచ్చుకున్న మెరుపూ నాదే బాబూ. ఈ గీతలూ నాయే."