జగన్నాథం పేరున వచ్చే ఉత్తరాలు

బిలాస్‌పూర్ తోర్వా పేటలో మా ఇంటికి రెండో గుమ్మం వచ్చిన ఏడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. రైలింజను మీద బొగ్గు వేసే ఫైర్‌మన్‌ని. మా అన్నయ్య శంకరరావు లోకో షెడ్డులో ఫిట్టరు. అతనిది పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే డ్యూటీ, నాది ఎప్పుడు పిలిస్తే అప్పుడు. షెడ్డు నుంచి పిలుపు మనిషి వేళాపాళా లేకుండా వచ్చి తలుపు బాదేవాడు. అన్నయ్య చంటిపిల్ల లేచి ఏడ్చేది, వదిన, అమ్మన్న ఆవిడ పేరు, సణిగేది, నా భార్య చిన్నతల్లి పొయ్యి దగ్గర గిన్నెల చప్పుడుతో జవాబు చెప్పేది. ఆరు నెలలు ఇలా సాగాక వేరుపడ్డాం. ఇంటి మధ్యన గోడ లేచింది. పాత గుమ్మం అన్నయ్యకి పోయింది, నేను పక్కసందులోకి కొత్త గుమ్మం పెట్టించుకున్నాను. మా అమ్మ అప్పయమ్మ పదిహేను రోజులు అక్కడ, పదిహేను రోజులు ఇక్కడ తినేలా తీర్మానమైంది. వంతు మారిన రోజున ఆవిడ తన ఇత్తడి చెంబు, దుప్పటి చంకన పెట్టుకుని గోడ చుట్టూ తిరిగి వచ్చేది.

గిన్నెల దగ్గర్నుంచి రోకలి దాకా అన్నీ పంచుకున్నాం గానీ, ఉత్తరాల సంగతి ఎవరికీ తట్టలేదు. మా నాన్న జగన్నాథం ఈ ఊళ్ళోనే రైళ్ళని పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి, పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. అయినా పార్వతీపురం వైపు నుంచి మావాళ్ళు ఎవరు రాసినా ఆయన పేరునే రాసేవారు. ‘జగన్నాథం, పాయింట్స్‌మన్, తోర్వా, బిలాస్‌పూర్’ అని ఎప్పుడో ఒక బడిపంతులు ఇంగ్లీషులో రాసిచ్చిన చీటీ ఇల్లిల్లూ తిరిగింది. అందరూ దాన్నే చూసి దించేవారు. మేమూ మార్చమనలేదు. ఇంటి పెద్ద పోయినా ఆయన పేరు తీసి మన పేరు పెట్టుకోవడం మాలో పొగరు కింద లెక్క.

ఆ ఏడు అమ్మ ఒక ఉత్తరం కోసం కళ్ళలో వత్తులు వేసుకుని ఉంది. మా చెల్లెలు కనకానికి అయిదో నెల. మొదటి కానుపుకి రైలు ప్రయాణం పడదని అత్తవారు పార్వతీపురం వైపే ఉంచేసుకున్నారు. బిడ్డ దక్కలేదు, కనకం చావు తప్పి బయటపడింది. ఈసారి దాన్ని బిలాస్‌పూర్ తెచ్చి రైల్వే ఆసుపత్రిలో చూపించి తీరాలని అమ్మ పట్టు. ఏడో నెలలో మంచిరోజు చూసి కనకం మామగారు ఎర్రయ్య ఉత్తరం వేస్తానన్నాడు. అది రాగానే మాలో ఒకడు పాసు తీసుకుని వెళ్ళి తీసుకురావాలి. వాళ్ళు రమ్మనకుండా వెళ్ళి పిల్లని పంపమనడం మర్యాద కాదు.

ఇదిలా ఉండగా మా మావగారు నాకు ఉత్తరం రాశాడు. ఆయనా పాత చిరునామాకే రాశాడు. పోస్టుమన్ సుఖీరాం ఎప్పటిలాగే పాత గుమ్మంలో ఇచ్చాడు, అన్నయ్య ఎప్పటిలాగే విప్పి చదివాడు. అందులో మా మావగారు, అన్నదమ్ములు విడిపోవడం బాగాలేదనీ, నా కోపమే దీనికంతటికీ మూలమై ఉంటుందనీ, కాస్త తగ్గమనీ రెండు పేజీలు రాశాడు. అన్నయ్య దాన్ని మడిచి అమ్మ చేత పంపాడు. చిన్నతల్లి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆయన రాసినందుకు కాదు, ఆ మాట నాకన్నా ముందు అన్నయ్య చదివినందుకు.

మర్నాడే సదర్ బజారులో అర్జీలు రాసే అతని దగ్గర కూర్చున్నాను. నా పేరున కొత్త గుమ్మం చిరునామా పెట్టమనీ, జగన్నాథం పేరున వచ్చే ఉత్తరాలు ఇకమీదట పాత గుమ్మంలో ఇవ్వవద్దనీ రాయించాను. పోస్టాఫీసు గుమాస్తా చదివి, కొత్త చిరునామాకి అడ్డేమీ లేదు, మరి ఆ జగన్నాథం ఉత్తరాలు ఎవరికివ్వాలని అడిగాడు. నాకే ఇమ్మన్నాను. అయితే మీ అన్నగారి సంతకం కూడా తీసుకురా అన్నాడు. గోడకి తల బాదుకోమంటే బాదుకుంటాను గానీ అన్నయ్య దగ్గరికి సంతకానికి వెళ్ళనని నా మనసులో అనుకున్నాను. ఆ మనిషి పోయి తొమ్మిదేళ్ళయింది, ఆ పేరుగలవాడు ఏ గుమ్మంలోనూ లేడు, అలాగే రాసుకోండి అన్నాను. గుమాస్తా నా చేతే ఆ ముక్క అర్జీ కింద రాయించి సంతకం పెట్టించుకున్నాడు. నాకు దక్కనిది అన్నయ్యకీ దక్కదు. బుద్ధి అంతవరకే వెళ్ళింది.

రెండు రోజులకి సుఖీరాం సందులో నన్ను ఆపాడు. “జగన్నాథ్ బాబు చిట్ఠీ వస్తే వాపసేనా?” అని అడిగాడు, నాకు మతి పోయిందేమో చూస్తున్నట్టుగా. ఆర్డరు ఆర్డరే అని చెప్పి నడిచిపోయాను.

మా అత్తవారికి కొత్త చిరునామా రాశాను. కనకం అత్తవారికి రాయలేదు. ఆడపిల్లనిచ్చిన ఇంటికి ఉత్తరం రాయడం పెద్దకొడుకు పని. నేను రాస్తే ఇంట్లో గొడవ వాళ్ళకి చాటినట్టవుతుంది. అన్నయ్య రాస్తాడులే అనుకున్నాను. అతని గుమ్మం మారలేదు, అతనెందుకు రాస్తాడు? ఈ ప్రశ్న నాకు తర్వాత తోచింది.

ఏడో నెల వచ్చింది. అమ్మ రోజూ అడిగేది. నా వంతులో ఉన్నప్పుడు నన్ను, అన్నయ్య వంతులో ఉన్నప్పుడు అతన్ని. “ఏటిరా, కనకం ఉత్తరం రానేదా?” అంటే, “ఆ గుమ్మంలోకి వచ్చుంటాది, అడుగు” అనేవాణ్ణి. అన్నయ్యా అదే మాట అనేవాడట. నేను అందుకుని చెప్పడం లేదని అతను, అతను దాచి పెద్దరికం చేస్తున్నాడని నేను. నేరుగా అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. మా మధ్య మాటల్లేవు. అమ్మ మాత్రం పాతచీరలు ఉతికి, బాలింత కోసం మెత్తటి గుడ్డలు చింపి కట్ట కడుతూ ఉండేది. ఎనిమిదో నెల దగ్గర పడుతుంటే ఆవిడ అడగడం కూడా మానేసింది.

ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి, బొగ్గుమసి కడుక్కుని, వీధిలో తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాను. టాంగా ఒకటి పాత గుమ్మం ముందు ఆగింది. అందులోంచి మా బావ దిగాడు, వెనక కనకం దిగింది. జుట్టు రేగి, ముఖం వాచి, కడుపు పట్టుకుని నిలబడింది. పాత గుమ్మానికి తాళం ఉంది. వదిన బజారుకి వెళ్ళింది. కనకం ఆ తాళం చూసింది, పక్కనున్న కొత్తగోడ చూసింది, అక్కడే గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది.

“అమ్మ ఎప్పుడు పోయింది సిన్నన్నయ్యా? ఒక్కముక్క రాయనేదేటి?” అంది.

ఆ ఏడుపు విని, బియ్యం చేట చేత్తో పట్టుకుని అమ్మే నా గుమ్మంలోంచి బయటికి వచ్చింది. కనకం ఆవిణ్ణి చూసి నేలమీద కూలబడింది. అమ్మ చేట పక్కన పెట్టి, దాని దగ్గర కూర్చుని, ఏమీ అడక్కుండా ముందు కడుపు మీద చెయ్యి వేసి చూసింది. బిడ్డ కదిలేదాకా అలాగే ఉంది. తర్వాతే తనూ ఏడ్చింది.

బావ జేబులోంచి ఒక కవరు తీశాడు. వాళ్ళ నాన్న రాసిన ఉత్తరం. మీద ఎర్రసిరాతో ఒక ఇంగ్లీషు మాట ఉంది. చనిపోయారు అని. వాళ్ళ ఊరి పంతులు అది చదివి చెప్పాడట. జగన్నాథం పోయి తొమ్మిదేళ్ళని అందరికీ తెలుసు. పోయిన మనిషిని తపాలావాళ్ళు మళ్ళీ పోయాడని రాయరు కదా, ఆ ఇంట్లో ఇప్పుడెవరో పోయారు, ముసలావిడే అయ్యుంటుంది అని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. చావింటికి కడుపుతో వెళ్ళకూడదని అత్తగారు ఆపింది. కనకం అన్నం మానేసింది. రెండు రోజుల తర్వాత బావ లొంగాడు. పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా కూర్చోవడానికి చోటు లేదట. బిలాస్‌పూర్ దగ్గర్లో బిల్హా స్టేషను దాటాక నడుం నొప్పి పట్టిందట.

ఆ సాయంత్రానికే కనకానికి రక్తం కనబడింది. షెడ్డు నుంచి వచ్చిన అన్నయ్య బట్టలు మార్చుకోకుండానే ఆసుపత్రికి పరుగెత్తి నర్సమ్మని తీసుకొచ్చాడు. ఆవిడ చూసి, బిడ్డ గుండె కొట్టుకుంటోంది గానీ ఈ పిల్ల కానుపయ్యేదాకా మంచం దిగకూడదంది. ఎవరి గదిలో పడుకోబెట్టాలా అని ఎవరూ ఆలోచించలేదు. నా గదే దగ్గర కాబట్టి అందులోనే పడుకోబెట్టాం. అమ్మన్న వదిన గంజి కాచి తెచ్చింది, చిన్నతల్లి అందుకుంది.

నేను అన్నయ్యకి ఆ కవరు ఇచ్చి, అర్జీ సంగతంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. అతను ఎర్రసిరా మాటని చాలాసేపు చూశాడు. “నానూ ఒక ముక్క అడిగుండాల్సిందిరా” అన్నాడు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

నెలన్నర మంచంమీదే ఉండి కనకం ఆడపిల్లని కన్నది. చిన్న పిల్ల, సన్నటి గొంతు, కానీ గట్టిది. పురుడు వెళ్ళిన వారానికి అమ్మ మా ఇద్దర్నీ పోస్టాఫీసుకి తీసుకెళ్ళింది.

అదే గుమాస్తా. నా అర్జీ వెతికి తీశాడు. దాన్ని రద్దు చేస్తాను, ఇద్దరూ సంతకాలు పెట్టండి, అయితే జగన్నాథం పేరున వచ్చేవి ఏ గుమ్మంలో ఇవ్వాలో చెప్పండి అన్నాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నీకే అని అతను, నీకే అని నేను. గుమాస్తాకి విసుగొచ్చింది. చనిపోయిన మనిషి పేరెందుకు, కొట్టేసి ఎవరి పేరు వాళ్ళు రాయించుకోండి, మీ ఊరివాళ్ళకి అదే చెప్పండి, సులువు కదా అన్నాడు. ఆ మాట న్యాయమే. ఏం అంటున్నాడని అమ్మ అడిగితే అన్నయ్య చెప్పాడు.

అమ్మ గుమాస్తా వైపు తిరిగి తెలుగులోనే చెప్పింది.

“బతికున్నోలం వేరుపడ్డాం బాబూ. సచ్చిపోయినోడు ఒక్కడే ఇంకా కలిసున్నాడు. ఆయన పేరు కొట్టీకండి.”

అన్నయ్య దాన్ని హిందీలో చెప్పబోయి సగంలో ఆగిపోయాడు. మిగతా సగం నేను చెప్పాను. గుమాస్తా కలం అందుకుని, జగన్నాథం పేరున వచ్చే ఉత్తరాలు ఆయన భార్య అప్పయమ్మ చేతికే ఇవ్వాలని రాసి, అమ్మ బొటనవేలి ముద్ర వేయించుకున్నాడు.

గోడ అలాగే ఉంది. అమ్మ ఈ నెల ఏ వంతులో ఉందో సుఖీరాంకి ఎప్పుడూ గుర్తుండేది కాదు. అందుకని గోడ ఎదురుగా వీధిలో నిలబడి “జగన్నాథ్ బాబూ!” అని నాన్న పేరు పెట్టి కేక వేసేవాడు. ఇద్దరం ఇంట్లో ఉన్న రోజైతే ఆ గుమ్మంలోంచి అన్నయ్య, ఈ గుమ్మంలోంచి నేను ఒక్కసారే బయటికి వచ్చేవాళ్ళం. అమ్మ వచ్చి చెయ్యి చాచేదాకా ఇద్దరం అక్కడే నిలబడేవాళ్ళం.