చక్రం మీది తడి

కోపాన్ని అణచుకోవడమే వివేకమని ఇన్నేళ్లుగా చదివాను. ఈ కోపాన్ని మాత్రం ఎందుకు అణచుకోవాలి?

నా చెల్లెలు ఉషశ్రీ భర్త శశిధర్ ఒక పాత కారు కొన్నాడు. ఉదయం బాపట్లలో దానికి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, రేపల్లెలో పెళ్లికని మమ్మల్ని ఎక్కించుకున్నాడు. సగం దారిలో ఓ ఊరు చేరేసరికి బ్రేక్ పెడల్ నేలదాకా దిగిపోతోంది. నేను పట్టుబట్టి అమ్జద్ అనే మెకానిక్ షెడ్డు దగ్గర ఆపించాను. వెనక చక్రం లోపలివైపు తడిగా ఉంది.

“నిమ్మరసం బావగారూ! పొద్దున తొక్కించాం కదా,” అని శశిధర్ నవ్వాడు.

వేలితో తాకాను. నూనెలా జారింది. ఇంత ఎండలో, ఇంత దూరం వచ్చాక నిమ్మరసం మిగులుతుందా?

అమ్జద్ వంగి చూశాడు. “బ్రేక్ ఆయిలండి. చక్రం విప్పి, లోపల సిలిండర్ మార్చాలి. మధ్యాహ్నం అవుద్ది.”

“అయితే ముహూర్తం నీ షెడ్డులోనే పెట్టించమంటావా ఏంటి? ఆయిల్ పోసెయ్ భాయ్, పోతాం. పూజ చేయించిన బండి, ఏం కాదు.”

“పోసిందంతా మళ్లీ కారిపోద్దండి.”

“పొయ్యవయ్యా!”

వెనక సీటులో ఉషశ్రీ ఒడిలో పాప నిద్రపోతోంది. నా కోపం పూజ మీద కాదు. తన నిర్లక్ష్యాన్ని పూజ చాటున దాచుకుంటున్న మనిషి మీద. ఇది చల్లారవలసిన కోపం కాదని తేల్చుకున్నాను.

కారు తాళంచెవి లాగి అమ్జద్ చేతిలో పెట్టాను. “చక్రం విప్పండి.”

పాపను భుజాన వేసుకుని, “దిగమ్మా, బస్సులో పోదాం,” అంటూ బస్టాండు వైపు నడిచాను.