షాజ్లీ బండి ఎక్కితే ఒట్టు

మా వైపు మగవాడికి పౌరుషం వస్తే పెళ్లాం మీద ఒట్టు పెడతాడు. ఇంకో గ్లాసు టీ తాగమంటే, తాగితే నా పెళ్లాం నాకు తలాక్ అంటాడు. పోసినవాడు, నువ్వు తాగకపోతే నా పెళ్లాం నాకు తలాక్ అంటాడు. ఆ సమయానికి పెళ్లాలిద్దరూ పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తూ ఉంటారు. వాళ్లకి ఈ సంగతి తెలియదు.

హిమ్దాన్ ఒట్టు మాత్రం టీతో పోయేది కాదు. కాలవ మోటారు దగ్గర అన్న షాజ్లీతో నీళ్ల వంతు గురించి గొడవ పడ్డాడు. వంతు అన్నగారిది, తడిసింది తమ్ముడి చెరకు. మాటా మాటా పెరిగి, రేపు నీ డొక్కు బండి ఆగితే నా బండే అడుక్కుంటావు అన్నాడు షాజ్లీ. హిమ్దాన్ పార కింద పెట్టి అందరూ వినేలా చెప్పాడు.

"నీ బండి ఎక్కితే ఫిక్రియా నాకు తలాక్."

అప్పటి నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. బండ్లకి మాత్రం రాకపోకలున్నాయి. అది మాకెవరికీ తెలియదు.

చూడటానికి రెండూ ఒకటే మోటారు సైకిలు. తమ్ముడిది నూట పాతిక సీసీ, అన్నగారిది నూట యాభై. ఒకే ఆవుకి రెండు ఈతల్లో పుట్టిన దూడల్లాంటివి. దీని ట్యాంకు దానికి పడుతుంది, సీటు పడుతుంది. కార్బురేటర్ కూడా పడుతుంది, కాకపోతే మధ్యలో ఒక రబ్బరు వాషరు వెయ్యాలి. వెనక చక్రం మారిస్తే గట్టు ఎక్కేటప్పుడు కాస్త మూలుగుతుంది, అంతే. మా నాలుగు ఊళ్లకీ మెకానిక్ ఒక్కడే, అబూ సరీ. సామాను పట్నం నుంచి రావాలి. చెరకు కోతల్లో ప్రతివాడికీ బండి రేపటికి కావాలి. అందుకని ఆయన ఈ బండిలోది తీసి ఆ బండికి వేస్తాడు, ఆ బండిలోది ఇంకోదానికి వేస్తాడు. అన్నీ నడుస్తాయి. నడిచే బండిని ఎవరూ విప్పి చూడరు.

ఒక మధ్యాహ్నం హిమ్దాన్ టీ కొట్టు గోడకి బండి ఆనించి లోపలికెళ్లాడు. షాజ్లీ అప్పుడే వస్తూ ఆ బండి దగ్గర ఆగాడు. సీటు తొడుగు పక్కకి జరిగి ఉంది. కింద రెక్సిన్ చిరిగినచోట పచ్చదారంతో వేసిన కుట్లు కనబడ్డాయి. అవి షాజ్లీ భార్య చేతి కుట్లు. తమ్ముడితో మాట్లాడడు కాబట్టి టీ కొట్టువాడితో అన్నాడు.

"నా సీటు మీద కూర్చుని తిరుగుతున్నాడే వీడు. మా మరదలు ఇంకా వాడింట్లోనే ఉందా?"

ఎవరూ నవ్వలేదు. తరవాత అందరూ నవ్వారు.

అబూ సరీని పిలిపించారు. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, గొడ్డుకి పళ్లు చూసినట్టు చూసి, సీటు, ట్యాంకు, కార్బురేటర్, వెనక చక్రం షాజ్లీవని ఒప్పుకున్నాడు. చాసిస్ మాత్రం నీదే నాయనా, దాని జోలికి నేను పోలేదు అన్నాడు, అదేదో ఉపకారమైనట్టు. డబ్బిచ్చాడు కాబట్టి అవి హిమ్దాన్‌వే కదా అని ఎవరో అంటే షాజ్లీ ఒప్పుకోలేదు. బాగుచెయ్యమని ఇచ్చాను గాని అమ్మలేదు అన్నాడు.

సాయంత్రానికి ఫిక్రియా అన్నలు కాలవ అవతల నుంచి వచ్చి చెల్లెల్ని తీసుకెళ్లారు. తలాక్ అయిందో లేదో తేలేదాకా ఆ ఇంట్లో ఉండటం మర్యాద కాదన్నారు. ఆమె ఏడవలేదు. పిండి జల్లెడ చంకన పెట్టుకుని వెళ్లింది. జల్లెడ పట్టుకెళ్లిందంటే తొందరగా రాదని మా ఆవిడ అంది.

టీ కొట్టులో రెండు పక్షాలు లేచాయి. చాసిస్ ఎవరిదైతే బండి వాడిదని ఒక పక్షం. చాసిస్ అంటే వట్టి మంచం, కార్బురేటర్ లేకపోతే దాని మీద పడుకోవడమే అని రెండో పక్షం. హిమ్దాన్ మూల కూర్చుని విన్నాడు. వారం తిరక్కుండానే వాడి చొక్కా కాలరు నల్లబడింది. రొట్టెలు అన్నగారింటి నుంచి రావు, సొంతంగా కాలిస్తే పిల్లి కూడా ముట్టలేదు.

చివరికి మతపెద్ద షేక్ మదనీ గారి దగ్గరికి వెళ్లారు. ఆయన అంతా విని, తెలియక ఎక్కాడు కాబట్టి తలాక్ కాలేదన్నారు. ఇప్పుడు తెలిసింది కాబట్టి అన్నగారి సామాను తీసి ఇచ్చేదాకా ఎక్కొద్దన్నారు. అన్నీ విప్పి షాజ్లీ గుమ్మం ముందు పెట్టారు. షాజ్లీ వాటిని లెక్కపెట్టుకుని లోపల పెట్టుకున్నాడు. అవన్నీ అతనికి ఇప్పుడు రెండో జత. అతని బండి వేరేవాటితో ఎప్పటిలాగే నడుస్తోంది.

హిమ్దాన్ మామ హాజీ బఖీత్‌కి తీర్పు చాల్లేదు. నలుగురిలో పోయిన పరువు నలుగురిలోనే రావాలన్నాడు. "అల్లుడు తన బండి మీద, తన సామానుతో వచ్చి పిల్లని తీసుకెళ్లాలి. గాడిద మీద వస్తే తలుపు తియ్యను."

అంటే హిమ్దాన్ అసలు సామాను వెతకాలి. అబూ సరీ తల గోక్కుంటూ గుర్తు చేసుకున్నాడు. హిమ్దాన్ ట్యాంకు బడిపంతులు బండికి ఉంది. సీటు చక్కెర మిల్లు కాపలావాడి దగ్గర ఉంది. వాళ్లు తిట్టుకుంటూ ఇచ్చారు, పెళ్లాం వ్యవహారం కదా. చక్రం కూడా దొరికింది. ఇక కార్బురేటర్ మిగిలింది. అబూ సరీ చాలాసేపు గుర్తుకు రానట్టు ఉండి, మర్నాడు పొద్దున్నే స్పానర్ల సంచి పట్టుకుని కాలవ దాటి హాజీ బఖీత్ వాకిట్లోకి వెళ్లాడు.

ముసలాయన కోతలకి బయల్దేరుతున్నాడు. బండి స్టార్టయి ఉంది. కాస్త ఆపు హాజీ, అల్లుడి కార్బురేటర్ తీసుకెళ్లాలి, తీర్పు ప్రకారం వచ్చాను అన్నాడు అబూ సరీ. హాజీ కిందకి వంగి ఇంజను వంక చూశాడు. కోతలు ముగియడానికి ఇంకా నెలుంది. తలుపు వెనక ఫిక్రియా నవ్వు ఆపుకోలేక దగ్గిందని ఆ తరవాత అబూ సరీ చెప్పాడు.

ఎండెక్కకముందే హాజీ మా సందులోకి వచ్చాడు. వెనక ఫిక్రియా, ఆమె ఒళ్లో జల్లెడ. ఫిక్రియా దిగింది. హాజీ ఇంజను ఆపలేదు, దిగలేదు. మనుషులకి మనుషులు ముఖ్యం, సామానుదేముంది అని అల్లుడితో రెండు ముక్కలు చెప్పి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఎదురింటి అరుగు మీద షాజ్లీ మొహం అటు తిప్పుకున్నాడు.

వాకిట్లో హిమ్దాన్ బండి ట్యాంకు, సీటు, చక్రం సొంతవే పెట్టుకుని, కార్బురేటర్ లేక కదలకుండా నిలబడి ఉంది. ఫిక్రియా దాన్ని చూసింది. గడప దాటలేదు.

"ఇంకోసారి ఒట్టు పెట్టాలనిపిస్తే బండి మీద పెట్టుకో. నా మీద కాదు. సరేనంటేనే లోపలికొస్తా."

హిమ్దాన్ బండి వంక చూశాడు, ఆమె వంక చూశాడు. నేను చెప్పులు విప్పి మా అరుగు మీద కూర్చున్నాను. వాడు ఆలోచిస్తున్నాడు. బండి మీద ఒట్టంటే మాటలు కాదు మరి.