పళ్ళ డాక్టరు పక్క వాచీల షాపు

అద్దాలమ్మాయి రోజూ తెల్లవారగానే బూట్లు బిగించుకుని వీధిలో పరుగెత్తి వచ్చి, స్నానం చేసి, అన్నయ్యతో కలిసి నడిపే షాపులో గాజు కోయడానికి కూర్చుంటుంది. టేపు పెట్టి రెండుసార్లు కొలవందే గాజు మీద గీత పెట్టదు. అలాంటి మనిషి కొలతలో బోల్తా పడిందంటే తప్పంతా ఆ వీధిదే.

ఆ వీధి ఇష్టంగా వెళ్ళేవాళ్ళకి కుదించుకుపోతుంది, ఇష్టం లేకుండా వెళ్ళేవాళ్ళకి సాగుతుంది. పిల్లలు ఇల్లు దిగీదిగగానే బేకరీ వచ్చేస్తుంది. చివరున్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు మాత్రం టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా పట్టుకుని పొద్దున్నే బయల్దేరతారు. బస్టాపు ఎంత దూరమని కొత్తగా అద్దెకొచ్చేవాళ్ళు అడిగితే, "మీ ఆఫీసు ఎలాంటిదండీ?" అని ఇంటివాళ్ళు ఎదురడుగుతారు.

అద్దాలమ్మాయికి పరుగంటే ప్రాణం. ఆమె కింద వీధి ముడుచుకుపోయేది. ఆ సంగతి మరిచి, అటూ ఇటూ బోలెడంత పరుగెత్తేశానని లెక్కేసుకుని కిందటేడు ఊరి పరుగు పందెంలో దిగింది. పెద్ద రోడ్డుకి ఇలాంటి మొహమాటాలు లేవు. సగంలోనే కూలబడితే వ్యానులో తెచ్చి దింపారు. ఈ ఏడు ఎలాగైనా తన కాళ్ళమీదే గీత దాటాలని పట్టుబట్టింది.

"పళ్ళ డాక్టరు వైపు పరుగెత్తవే. నీకా గుమ్మమంటే హడలు కదా, కావలసినంత సాగుతుంది," అంది వదిన. "పక్కనే వాచీల షాపుంది. దూరం చూపించే వాచీ ఒకటి కొనుక్కో."

ఆ రోజు ఆయాసపడుతూ, కాళ్ళీడ్చుకుంటూ షాపు చేరింది. వాచీలాయన ముందు స్టూలు వేసి, మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాతే వాచీలు తీశాడు.

"ఇది వేలితో తాకితే చాలండీ."

"చెమట వేలికి పలుకుతుందా?"

"పలకదు," అని దాన్ని నిజాయితీగా లోపల పెట్టేశాడు. "బటన్లున్నది చూడండి. అంకెలు పెద్దవి, పరుగు ఆపకుండానే కనిపిస్తాయి. కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు పడుతోందో కూడా చెబుతుంది." పట్టీ బిగించి, కింద వేలు దూరే సందు ఉందో లేదో చూసుకొమ్మన్నాడు.

వారం తిరక్కుండా వాచీ పట్టుకుని మళ్ళీ వచ్చింది. "రోజురోజుకీ దూరం తక్కువ చూపిస్తోందండీ. వేరేది ఇవ్వండి."

ఇచ్చాడు. అదీ అంతే. మూడోదీ అంతే. ఒకరోజు షాపు కంటే ముందు అతని నవ్వు కనిపించింది. ఆయాసపడే వ్యవధి కూడా దొరకలేదు. పందెం దగ్గరపడుతోందని ఆమె లబోదిబోమంది.

"నేనూ కట్టుకుని మీ షాపుదాకా వచ్చి చూశానండీ," అన్నాడతను. చెవులు ఎర్రబడ్డాయి. "నాకూ తక్కువే చూపించింది."

"చూశారా! మొత్తం సరుకే మంచిది కాదు."

అతను కాసేపు కౌంటరు తుడిచాడు. "ఒక పని చేయండి. పరుగు ఇక్కడ మొదలుపెట్టి, మీ ఇంటివైపు వెళ్ళండి."

వెళ్ళింది. ఎంత పరుగెత్తినా బేకరీ రాదు. ఇల్లు చేరేసరికి కాఫీ చల్లారిపోయి, అన్నయ్య ఒక్కడే షట్టరు ఎత్తేశాడు. వాచీలో అంకె చూసి ఆమె ఎగిరి గంతేసింది. మర్నాడు అంకె ఇంకా పెరిగింది, ఆ మర్నాడు మరీను. ఆ వాచీని ఇక మార్చలేదు.

"ఏమ్మా, పళ్ళ డాక్టరు కంటే మనిల్లే చేదైపోయిందా?" అని వదిన పకపకా నవ్వింది. అద్దాలమ్మాయి ఆ మాట చెవిన పెట్టలేదు. కాళ్ళు గట్టిపడుతున్నాయి, ఆమెకి అది చాలు.

పందెంలో కడదాకా పరుగెత్తింది. తన కాళ్ళమీదే గీత దాటింది. వీధి వీధంతా వచ్చి ఈలలు వేసింది, పళ్ళ డాక్టరుతో సహా.

మర్నాడు వాచీలాయనకి ఆ మాట చెప్పడానికి వెళ్ళింది. "మీ చలవేనండీ. ఇంక రోజూ రానక్కర్లేదు. వస్తాను."

"మంచిదండీ," అన్నాడతను, శుభ్రంగా ఉన్న కౌంటరునే మళ్ళీ తుడుస్తూ.

ఇంటివైపు నడిచింది. నడుస్తూనే ఉంది. ఎండ నెత్తికెక్కింది, బేకరీ జాడ లేదు. ఎందుకో ఏడుపు తన్నుకొచ్చింది. మణికట్టు చూసుకుంటే పందెం దూరం ఎప్పుడో దాటిపోయింది. ఏ కొలతనీ రెండోసారి చూసుకోనిదే నమ్మని మనిషి, ఈసారి ఒక్కసారే చూసి గిరుక్కున వెనక్కి తిరిగింది.

ఒక్క అడుగు వేసిందో లేదో, ఎదురుగా అతని గుమ్మం. ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"వాచీ పాడైందాండీ?" అన్నాడు కంగారుగా.

"లేదండీ. మొదట్నించీ బాగానే ఉంది. చదవడం నాకే చేతకాలేదు." కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. "ఎక్కడికో బయల్దేరినట్టున్నారు?"

"మీ ఇంటికే. మీ అన్నయ్యగారితో మాట్లాడదామని."

"అయితే ఆ రెండో బూటు కూడా వేసుకోండి," అంది అద్దాలమ్మాయి. "పదండి, దగ్గరేగా."